రెండు జతల అడుగులు

మొన్న పొద్దున మా గల్లీకి ఒక పోలీసు అమ్మాయి వచ్చింది. చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితాలు. నేను గడప ముందు కూచుని కోడలు చుట్టిన బీడీలకు దారం కడుతున్నాను. ఆ పిల్ల ఏ బెట్టూ లేకుండా నా పక్కనే మెట్టు మీద కూలబడింది.

“అవ్వా, మేం దినాం మీ గల్లీల తిరుగుతున్నం గద, కనవడ్తున్నమా?”

“కనవడ్తున్నరు బిడ్డా.”

“మమ్మల్ని చూస్తె ధైర్యంగ ఉంటదా, భయమైతదా? ఏదున్నా చెప్పు, రాసుకుంట.”

నేను ఇంకో బీడీ కట్ట అందుకున్నాను. లోపలి నుంచి కోడలు “ధైర్యమే మేడం, రాసుకోండ్రి” అంది. ఆ పిల్ల ఒక గీత గీసుకుని, నవ్వుతూ నా మోకాలు తట్టి పక్కింటికి పోయింది. మంచి పిల్ల. ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ మాటకు జవాబు చెప్పాలంటే నేను చాలా వెనక్కి పోవాలి. నాకు పదేళ్ళున్నప్పటి ఒక చలికాలం దాకా పోవాలి. అంతసేపు వినే తీరిక ఆ పిల్లకు ఎక్కడిది? అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మాది బోధన్ అవతల, కాలువ కింద ఒక చిన్న ఊరు. మా నాయన, అంటే బాపు, ఆ ఊరికి పోలీసు పటేలు. దొంగతనమైనా, కొట్లాటైనా, ఊళ్ళోకి కొత్త మనిషి వచ్చినా పై వాళ్ళకు జవాబు చెప్పవలసింది ఆయనే. చావడి మా ఇంటి గోడకు ఆనుకునే ఉండేది. అక్కడ గట్టిగా మాట్లాడితే మా వంటింట్లో వినిపించేది.

బాపుకు కళ్ళూ చెవులూ ఊరి శేత్‌సింధీ. ఊరికి కావలి తిరిగే మనిషిని అలా అనేవాళ్ళు. ఎండిన తుమ్మ మొద్దులా నల్లగా, పొట్టిగా ఉండేవాడు. నడుముకు తోలు పట్టా, దానికి ఇత్తడి బిళ్ళ. అది తప్ప సర్కారు మనిషని చెప్పే గుర్తు ఇంకేదీ లేదు. మాల వాడలో ఇల్లు. ఊళ్ళో చిన్నా పెద్దా అతన్ని పేరు పెట్టే పిలిచేవారు. నేను మాత్రం తాతా అనేదాన్ని. అందుకు మా నాయనమ్మ కసిరేది. నాయనమ్మను మేం బాపమ్మ అనీ, అమ్మను అవ్వ అనీ అనేవాళ్ళం.

పొద్దున పాలు పితికే వేళకు తాత చావడి ముందు నిలబడి ఊరి సంగతులు అప్పజెప్పేవాడు. “రాత్రి గౌండ్లోల్ల ఇంటికి సుట్టమొచ్చిండు పటేలా, ముప్కాలు ఊరోడు. కాల్వ గట్టు మీద రెండెడ్లు పోయినయ్, మనూరియి గావు.” ఇదంతా ఎవరో చెప్పగా తెలిసింది కాదు. దుమ్ములో అడుగులు చూసి చెప్పేవాడు. ఊళ్ళో ప్రతి మనిషి అడుగూ అతనికి తెలుసు. ఒకసారి నేనూ, గానుగోళ్ళ పిల్లా కలిసి మా పెరట్లో ఎండబెట్టిన పల్లికాయ ఎత్తుకుపోయి దడి వెనక తిన్నాం. మధ్యాహ్నం తాత వచ్చి మా కాళ్ళ వైపు చూసి, “నీ సిటికెన వేలు పక్కకు తిర్గి ఉంటది బిడ్డా, జర పైలం” అని నవ్వి పోయాడు. బాపుకు చెప్పలేదు.

ఆ గానుగోళ్ళ పిల్ల నా జతగత్తె. వాళ్ళ నాయన నూనె గానుగ ఆడించేవాడు. ఆమె వంటి నుంచి ఎప్పుడూ నువ్వుల చెక్క వాసన వచ్చేది. ఇద్దరం ఒకే ఈడు. పొద్దంతా ఊరి మీద పడి తిరిగినా మమ్మల్ని ఎవరూ వెతికేవారు కాదు. తలుపులు దగ్గరికి వేసి పొలాలకు పోయే రోజులవి. మాకు భయం లేదని కూడా మాకు తెలియదు.

చలికాలం వస్తే ఊరంతా బెల్లం వాసన. కాలువ నీళ్ళు వచ్చాక అందరూ చెరుకు వేశారు. పొలాల్లో పెద్ద పెద్ద పెనాలు పెట్టి రసం కాచేవాళ్ళు. చెరుకు పిప్పి మంట, ఉడికే పాకం, తడి మన్ను, అన్నీ కలిసిన వాసన బట్టలకు పట్టి ఉండేది. అవ్వ జొన్నరొట్టెను వేడి మీద నలిపి, కొత్త బెల్లం కలిపి, మలీద ముద్దలు చేసి మా చేతుల్లో పెట్టేది.

నాకు పదేళ్ళున్న ఆ ఏడాది మా ఊరికి తూర్పున, దూరంగా చక్కెర కార్ఖానా కట్టడం మొదలైంది. మా మిద్దె ఎక్కితే దాని చిమ్నీ కనిపించేది. మొదట చెట్ల మీద వేలెడంత, నెల తిరిగేసరికి మూరెడంత. ఎర్ర ఇటుకల చిమ్నీ. అంత ఎత్తు కట్టడం మా ఊరివాళ్ళెవరూ చూసి ఎరుగరు. ఎక్కడెక్కడి నుంచో కూలీలు, బండ్లవాళ్ళు, మేస్త్రీలు వచ్చారు. తెలియని మొహాలు మా దారిన పోతుంటే ఆడవాళ్ళు చేటలు ఆపి చూసేవాళ్ళు.

పుకారు ఎక్కడ పుట్టిందో తెలియదు. బావి దగ్గర విన్నానని అవ్వ చెప్పింది. చిమ్నీ నిలబడడం లేదట. పగలు కట్టింది పొద్దున్నే పగులు చూపిస్తోందట. పిల్లల తలలు పునాదిలో వేస్తే తప్ప నిలవదట. గోనె సంచులు పట్టుకుని మనుషులు ఊళ్ళ మీద తిరుగుతున్నారట.

“పక్కూర్ల నిన్న గాక మొన్న ఒక పొల్లను ఎత్కపోయిండ్రట” అంది బాపమ్మ, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

చావడి దగ్గర తాత ఆ మాట విని ఊరుకోలేదు. పక్క ఊరికి పోయి వచ్చాడు. అక్కడ ఏ పిల్లా పోలేదు. మా ఊళ్ళోనే పోయిందని వాళ్ళు అనుకుంటున్నారు. మరో రెండు ఊళ్ళు తిరిగాడు. వాళ్ళూ అంతే, పక్కూరి వైపు చెయ్యి చూపించారు.

“ఎవ్వల బిడ్డ పోయింది? పేరు సెప్పుండ్రి” అని చావడి ముందు అందరినీ నిలదీశాడు. “తల్లి పేరన్న సెప్పుండ్రి. ఇరవై ఊర్లు మాట్లాడుతున్నయ్, ఒక్క తల్లి ఏడుస్తలేదు. గిదేం ముచ్చట?”

ఎవరూ పేరు చెప్పలేదు. అలా అని ఎవరూ అతని మాట నమ్మలేదు. “నీకేమెరుక? నీకు మనుమండ్లు లేరు” అన్నాడు ఒకాయన. అందరూ తలాడించారు.

ఆ రోజు నుంచి మా కాళ్ళకు కట్టు పడింది. చివరి ఇల్లు దాటకూడదు. మధ్యాహ్నం ఎండలో తల్లులు వాకిళ్ళలోకి వచ్చి పేరు పేరునా పిల్లల్ని పిలుచుకునేవాళ్ళు. ఒక్కరు పలకడం ఆలస్యమైతే ఆ గొంతు మారిపోయేది. అవ్వ నా కాళ్ళకు గజ్జెలు కట్టింది. పిల్లలం కూడా ఆటలు మార్చాం. ఒకరు గోనె కప్పుకుని రావడం, మిగతావాళ్ళం అరుస్తూ పరుగెత్తడం. ఆ ఆటలో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఊరి పెద్దలు బాపు మీద పడ్డారు. “ఒక్క ముసలోని కట్టెతోని ఊరు ఆగుతదా పటేలా? జవాన్లను తెప్పియ్యి.” బాపు తాలూకా ఠాణాకు పోయి అక్కడి అధికారి అమీన్‌సాబును కలిసి వచ్చాడు. వారంలో ఇద్దరు పోలీసు జవాన్లు దిగారు.

చావడికి సున్నం కొట్టారు. బల్ల వేశారు. ఇళ్ళ నుంచి పాలు, మక్క గారెలు, పెరుగు ముంతలు వెళ్ళాయి. జవాన్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గల్లీ గల్లీ తిరిగేవాళ్ళు. వాళ్ళ చెప్పుల కింది ఇనుప నాడాలు రాళ్ళ మీద టకటకమని చప్పుడు చేసేవి. పడుచు పోరగాళ్ళు పదిమంది గుతుపలు, అంటే లావాటి కర్రలు, పట్టుకుని వాళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు తలుపు సందుల్లోంచి చూసి, “ఇగ ఫికర్ లేదు” అనుకునేవాళ్ళు.

వాళ్ళు అలా అనుకున్నది నిజమే. కానీ నాకు తెలిసిన ఇంకొక నిజం ఉంది. అంతకు ముందు అది బావి దగ్గరి మాట. జవాన్లు వచ్చాక అది సర్కారు మాట అయింది. ఏమీ లేకపోతే వీళ్ళెందుకు వస్తారు? ఆ చప్పుడు దగ్గరికి వచ్చినప్పుడు ధైర్యంగా ఉండేది. దూరం పోగానే, ఇప్పుడు ఏ మూల నుంచి ఎవరొస్తారో అనిపించేది. నేను గడప మీద కూచుని ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉండేదాన్ని. తాత కట్టె చప్పుడు కోసం నేనెన్నడూ అలా కూచోలేదు.

తాత ఇంకా పొద్దున్నే వచ్చేవాడు. అతను సంగతులు చెబుతుంటే జవాన్లు నవ్వేవాళ్ళు. “క్యా రే బుడ్డే, ఎడ్లు ఎన్ని పోయినయ్?” అనేవాళ్ళు. బాపు వాళ్ళను ఏమీ అనేవాడు కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

ఇరవై రోజులు చివరి ఇల్లు దాటలేదు నేను. ఒక మధ్యాహ్నం అవ్వ పిండి విసురుతోంది. బాపమ్మ కునుకు తీస్తోంది. గానుగోళ్ళ పిల్ల దడి అవతలి నుంచి సైగ చేసింది. నేను గజ్జెలు విప్పి నీళ్ళ గాబు కింద దాచాను. ఇద్దరం పెరటి దారిన పడి, ఇళ్ళ వెనకగా వంగి వంగి కాలువ దగ్గరి చెరుకు తోటలోకి దూరాం.

చెరుకు మా తలల మీద రెండు నిలువులు ఉంది. లోపల చల్లగా, పచ్చగా, చీకటిచీకటిగా ఉంది. ఆకులు చెంపలకు గీసుకుని మండుతున్నాయి. మేం కాలువ గట్టు వైపు తడి మన్ను మీద కూచుని చెరుకు విరిచి తిన్నాం. పళ్ళతో చీల్చి, నమిలి, పిప్పి ఉమ్మి, మళ్ళీ విరిచి. పెదవుల చివరలు పగిలి రక్తం వచ్చినా తీపి మీద తెలియలేదు. ఎన్నాళ్ళకో దొరికిన ఆ స్వేచ్ఛలో ఎంతసేపు కూచున్నామో తెలియలేదు.

డప్పు చప్పుడు వినిపించింది.

మొదట ఎవరో చచ్చారనుకున్నాం. తర్వాత కేకలు. ఆ కేకల్లో మా పేర్లు. మా అవ్వ గొంతు విన్నాను. అది మనిషి గొంతులా లేదు. గుతుపలతో చెరుకును కొడుతూ మనుషులు తోటలోకి వస్తున్నారు. ఆకులు విరుగుతున్న చప్పుడు నాలుగు దిక్కుల నుంచీ దగ్గరవుతోంది. గానుగోళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

“కొడ్తరే మనల” అంది.

మేం బయటికి వచ్చేసరికి ఊరంతా గట్టు మీద ఉంది. బాపు ముందు నిలబడి ఉన్నాడు. రుమాలు లేదు, చెప్పులు లేవు. ఆయన మొహం చూసి, ఈ రోజు నన్ను చంపుతాడనుకున్నాను. ఆయన ఎత్తిన చెయ్యి పడేలోగానే పెద్ద జవాను మా ముందు గొంతుక్కూచున్నాడు. ఎంతో మెల్లగా అడిగాడు.

“డరో మత్ బేటీ. ఎవ్వడన్న పిలిచిండా మిమ్మల్ని?”

నేను బాపు వైపు చూశాను. ఆయన చెయ్యి గాలిలో ఆగి ఉంది. నా జవాబు కోసం ఆగి ఉంది.

“ఆఁ” అన్నాను.

“గోనె సంచి ఉండెనా?”

“ఆఁ.”

“బెల్లం ఇస్త అన్నడా?”

“ఆఁ.”

గానుగోళ్ళ పిల్ల నా వైపు చూసింది. తర్వాత ఆమె కూడా తలూపింది. బాపు చెయ్యి దిగింది. ఆయన నన్ను ఎత్తుకుని గుండెకు అదుముకున్నాడు. వాడు ఎలా ఉన్నాడని జవాను అడగలేదు. జనమే చెప్పుకున్నారు. “వాడే అయితడు. పొద్దుగాల టాకీ టాకీ అనుకుంట ఒర్లిండు సూడు, వాడే.”

వాళ్ళన్న మనిషి మాకందరికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లు మరాఠీ దిక్కు నుంచి వచ్చేవాడు. ఇసుర్రాళ్ళు అరిగిపోతే వాటికి ఉలితో కక్కు కొట్టి మళ్ళీ గరుకు తెప్పించడం అతని పని. ఇసుర్రాయిని వాళ్ళ భాషలో జాతె అంటారు. “టాకీఽ... జాత్యాలా టాకీఽ” అని పాడినట్టు పిలుస్తూ వచ్చేవాడు. సన్నటి మనిషి. కళ్ళ నుంచి ఎప్పుడూ నీళ్ళు కారేవి, రాతి దుమ్ము పడీ పడీ. గోనె సంచిలో ఉలులు, సుత్తి. అంతకు ముందు వచ్చినప్పుడు బాపమ్మ అతనికి గటక పోసి, వాళ్ళ ఊరి వానల గురించి అడిగింది.

అతను ఊరు దాటి కోసెడు దూరం కూడా పోలేదు. గుతుపల పోరగాళ్ళు దొరకబట్టి తెచ్చారు. చావడికి వచ్చేసరికే నుదురు పగిలి ఉంది. సంచి బోర్లించారు. ఉలులు గల్లుమని రాళ్ళ మీద పడ్డాయి.

“సూడుండ్రి, గివే తలలు గోసేటియి!”

ఆ ఉలులతోనే వాళ్ళందరి ఇళ్ళలో రాళ్ళు బాగుచేశాడతను. అవి ఏమిటో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. అయినా ఉలుల్ని చూసి అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు.

అతను చేతులు జోడించి తిరుగుతూ మరాఠీ, తెలుగు కలిపి ఏదో చెబుతున్నాడు. “మై బాప్, నేను పొద్దుగాల ఇసుర్రాయి చేసిన... అడుగుండ్రి... ఆ ఇంట్ల అడుగుండ్రి.” అతను చూపించిన ఇంటావిడ తల దించుకుని లోపలికి పోయింది.

నన్ను ముందుకు తెచ్చారు. “గీడేనా బిడ్డా?”

అతను నా వైపు చూశాడు. ఆ కళ్ళలో కోపం లేదు. చిన్నపిల్లే కదా, నిజం చెబుతుందిలే అన్న ఆశ ఉంది. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. అవ్వ కొంగులో మొహం దాచుకున్నాను. జనానికి అది చాలింది.

ఆ తర్వాత చావడిలో ఏం జరిగిందో నేను చూడలేదు. వంటింట్లో కూచుని విన్నాను. ఆ చప్పుళ్ళ గురించి చెప్పను.

అతన్ని బండికి కట్టి ఠాణాకు తీసుకుపోయాక ఊరికి పండుగ వచ్చినట్టయింది. నెల రోజుల నుంచి ముడుచుకున్న ఊరు ఒళ్ళు విరుచుకుంది. పిల్లల్ని వదిలారు. గల్లీలో బిళ్ళంగోడు ఆట మొదలైంది. ఆడవాళ్ళు గుంపులుగా కాలువకు పోయి బట్టలు ఉతుక్కొచ్చారు. జవాన్ల మెడలో బంతిపూల దండలు వేశారు. గానుగోళ్ళ పిల్ల వాళ్ళమ్మా, మా అవ్వా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, నవ్వి, మలీద చేసి ఊరందరికీ పంచారు. మా ఇద్దరికీ పెద్ద ముద్దలు పెట్టారు. ఆమె తిన్నది. నేను తినలేదు. ఆ రాత్రి జ్వరం వచ్చింది.

మర్నాడు పొద్దున బాపు అంబలి తాగుతున్నాడు. నేను మంచం మీంచి లేచి పోయి ఆయన పక్కన కూచున్నాను.

“బాపూ, ఎవ్వలు పిలువలే. మేమే చెరుకు తినపోయినం.”

ఆయన ముంత కింద పెట్టాడు. చావడి గోడ వైపు చూశాడు. అటునుంచి జవాన్ల నవ్వులు వినిపిస్తున్నాయి. గల్లీలో పిల్లలు అరుస్తున్నారు.

“ఎవ్వలకన్న చెప్పినవా?”

“లే.”

“ఆ పోరి?”

“అదీ చెప్పలే.”

“ఇగ చెప్పకు.” “ఊరు గిప్పుడే నిమ్మలమైంది. మల్ల లేపకు. నీకు జరమొచ్చింది, పోయి పండుకో.”

నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏది తప్పు, ఏది ఒప్పు అని ఆ వయసులో మాకు చెప్పేది ఆయనే. ఆయనే చెప్పవద్దన్నాక ఇంక ఎవరి దగ్గరికి పోను?

మధ్యాహ్నం అమీన్‌సాబు గుర్రం మీద వచ్చాడు, కాగితం రాసుకుపోవడానికి. చావడిలో కుర్చీ వేశారు. నేను మా తలుపు వెనక నిలబడి సందులోంచి చూస్తున్నాను. అప్పుడు తాత వచ్చాడు. భుజం మీది గుడ్డను మూట కట్టి పట్టుకున్నాడు. దాన్ని అమీన్‌సాబు ముందు నేల మీద విప్పాడు. అందులో ఎండుతున్న చెరుకు పిప్పి.

“కాల్వ గట్టు కాడ ఏరిన సాబ్. పోరగాండ్లు నమిలిన పిప్పి. పెద్దోల్ల పండ్లు గిట్ల పడయ్. తడి మన్నుల అడుగులు రెండు జతలే ఉన్నయ్. రెండూ సిన్నయే. పోరగాండ్లు కూసున్న కాడ మూడో మనిషి అడుగు లేదు. ఆడ ఇప్పటికి ఎవ్వలు తొక్కలే, వచ్చి సూడుండ్రి.”

అమీన్‌సాబు కుర్చీలోంచి ముందుకు వంగాడు.

“ఇద్దర్ల ఒక్కలకు సిటికెన వేలు పక్కకు తిరిగి ఉంటది” అన్నాడు తాత, మెల్లగా. అన్నాడే గానీ మా తలుపు వైపు చూడలేదు.

అమీన్‌సాబు బాపు వైపు తిరిగాడు. “క్యా పటేల్? ఏమంటవ్?”

నేను తలుపు పట్టుకుని ఉన్నాను. ఒక్కసారి తోసుకుని బయటికి పోతే చాలు. పది అడుగులు కూడా లేవు. నేను పోలేదు.

“ముసలోడు సాబ్” అన్నాడు బాపు. “కండ్లు సరిగ కనవడయ్. ఏదో ఊహ.”

“పిల్లను పిలుస్తవా?”

“జరమొచ్చి పండుకున్నది.”

తాత బాపును చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా, మొదట బాపు వాళ్ళ నాయన ముందు, తర్వాత బాపు ముందు నిలబడి ఊరి సంగతులు చెప్పిన మనిషి. పిప్పిని మళ్ళీ మూట కట్టుకున్నాడు. నడుము పట్టా విప్పి, ఇత్తడి బిళ్ళ పైకి కనబడేటట్టు బల్ల మీద పెట్టాడు.

“కండ్లు కనవడనోనికి కావలెందుకు పటేలా” అని, మెట్లు దిగి పోయాడు.

ఎవరూ ఆపలేదు. వారం లోపే బాల్కొండ దిక్కు ఉన్న కూతురి దగ్గరికి పోయాడని తెలిసింది. అక్కడే చనిపోయాడని మరి రెండేళ్ళకు విన్నాం. అతని జాగాలో ఇంకెవరినీ పెట్టలేదు. జవాన్లు ఉన్నారు కదా అన్నారు. జవాన్లు ఉండిపోయారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ మాట చిమ్నీ నుంచి పొగ రావడంతోనే మాయమైంది. పొగ వస్తోందంటే నిలబడ్డట్టే కదా. కానీ చావడిలోని బల్ల, సున్నం గోడలు, ఆ టకటక చప్పుడు పోలేదు. తర్వాత్తర్వాత ఊరివాళ్ళనే అక్కడికి పిలిపించడం మొదలైంది. దారి మధ్యలో మాట్లాడుకుంటున్న మగవాళ్ళు ఆ చప్పుడు వినగానే విడిపోయేవాళ్ళు.

ఎండలు ముదిరాక టాకీ మనిషి వచ్చాడు. పిలుపు లేదు, పాట లేదు. మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అతన్ని ఎప్పుడు వదిలారో, ఎందుకు వదిలారో ఎవరికీ తెలియదు. బాపు ఇంట్లో లేడు. బాపమ్మ అతన్ని చూసి, దయ్యాన్ని చూసినట్టు గోడకు ఆనుకుంది.

“నా సంచి” అన్నాడు.

సంచి చావడి మూలలో పడి ఉంది. చిన్న జవాను తెచ్చి మా వాకిట్లో పడేసి పోయాడు. అతను కుడి చేత్తో దాన్ని ఎత్తబోయాడు. వేళ్ళు మూతబడలేదు. వంకర తిరిగి, గట్టిపడి, ఎండిన కొమ్మల్లా ఉన్నాయి. ఎడమ చేత్తో భుజానికి వేసుకున్నాడు.

బాపమ్మ గోడ విడిచి ముందుకు వచ్చింది. “అన్నం తిని పో” అంది. అతను తల అడ్డంగా ఊపాడు. గుమ్మం పక్కన ఉన్న మా ఇసుర్రాయి దగ్గర వంగి, ఎడమ అరచేత్తో రాతిని తడిమి చూశాడు.

“ఇంకా నాల్గు నెలలు నడుస్తది అవ్వా” అన్నాడు. “మల్ల ఎవ్వలనన్న పిలుచుకోండ్రి.”

నేను స్తంభం పక్కనే ఉన్నాను. నన్ను చూశాడు. గుర్తుపట్టాడో లేదో ఈ రోజుకీ తెలియదు. నేను చెప్పాలి. చెప్పడానికి అడ్డు చెప్పేవాళ్ళు కూడా ఆ క్షణంలో లేరు. అతను వాకిలి దాటి, ఎండలో గల్లీ చివరి దాకా పోయేంతవరకు చూస్తూ నిలబడ్డాను. అంతే చేశాను.

ఆ తర్వాత ఆ దిక్కు నుంచి ఎవరూ రాలేదు. మా ఇసుర్రాయి నున్నగా అయిపోయింది. పిండి పలుకుపలుకుగా పడేది. రొట్టెలు విరిగిపోయేవి. అవ్వ రాతిని తిట్టుకునేది. బాపు ఆ విరిగిన ముక్కలు తిని లేచేవాడు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. పోయే ముందు మూడు రోజులు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఒకసారి పెదవులు కదిలాయి. నేను వంగి విన్నాను. నీళ్ళు అడిగాడు.

గానుగోళ్ళ పిల్లను పెళ్ళిళ్ళయ్యాక చాలా ఏళ్ళు చూడలేదు. కిందటేడు ఒక పెళ్ళిలో కలిసింది. పళ్ళు లేవు, చెవులు బాగానే ఉన్నాయి. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. సాయంత్రం పందిట్లో ఆమె మనవలూ, మనవరాళ్ళూ చుట్టూ చేరారు. “మా జేజి కత చెప్తది” అన్నారు. ఆమె నా భుజం మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టింది.

“గీమె, నేను చిన్నగున్నప్పుడు మమ్మల్ని ఒకడు ఎత్కపోబోయిండు. చెరుకు తోట్ల. ఇంత పొడుగున్నడు. కండ్లు నిప్పుల లెక్క ఎర్రగ. భుజం మీద గోనె సంచి. దాంట్ల కత్తులు గలగల అంటున్నయ్. ఇటు రా బిడ్డా, బెల్లమిస్త అన్నడు. నా రెక్క పట్టిండు, ఇగో గిక్కడ...”

ఆమె రవిక చెయ్యి పైకి జరిపి చూపించింది. అక్కడ ఏదో పాత మచ్చ. పిల్లలు దగ్గరికి జరిగి దాన్ని వేళ్ళతో తాకారు.

నేను ఆమె మొహంలోకి చూశాను, నవ్వుతోందేమోనని. నవ్వడం లేదు. ఆమె గొంతులో నిజమైన భయం ఉంది. ఇన్నేళ్ళూ ఆమె ఆ మనిషికి భయపడుతూ బతికింది.

“గట్ల కాదే” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఎవ్వలు రాలే. మనమే పోయినం. చెరుకు తినపోయినం. కొడ్తరని అబద్ధం చెప్పినం. ఆయన ఇసుర్రాళ్ళు చేసుకునే మనిషి.”

ఆమె నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎంతో ప్రేమగా నిమిరింది.

“దీనికి యాదికి లేదు పాపం” అంది పిల్లలతో. “గప్పుడు మస్తు భయపడ్డది. జరమొచ్చి పడ్డది.”

పిల్లలు నా వైపు జాలిగా చూశారు. తర్వాత అందరూ ఆమె వైపే తిరిగి, “తర్వాత జేజీ, తర్వాత ఏమైంది?” అన్నారు.